దమ్ము ఆగిన చోటల్లా ఒక బల్ల

ముప్పైమూడేళ్లు ఊళ్లకు రోడ్లు గీసే ఆఫీసులో పనిచేశాను. అందులో మొదటి పదేళ్లు బాగా కష్టపడి తప్పు పని చేశాను. రిటైర్మెంటు సభలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. శాలువా కప్పినాయన నన్ను నగర శిల్పి అన్నాడు. శిల్పీ లేదు, గిల్పీ లేదు. గోదావరిఖనిలో ఒక రోడ్డును నేనే చెడగొట్టాను, మళ్లీ నేనే బాగుచేశాను. నా సర్వీసు మొత్తం పిండితే మిగిలేది అదే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఆ రోడ్డు సంగతి చెబితే చాలు. ప్రమోషన్లు, బదిలీలు, ఎంక్వైరీలు కావాలంటే ఏ రిటైరైన మనిషికైనా ఒక చాయ్ తాగించండి, పొద్దుగూకేదాకా చెబుతాడు.

మాది మంథని. ఇంట్లో అందరూ పంతుళ్లే. కొందరు బడి పంతుళ్లు, కొందరు గుడి పంతుళ్లు. ఇంజనీరింగు చదివిన మొదటివాణ్ణి నేను కాబట్టి కాస్త పొగరుండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది.

పదింటి నుంచి ఒంటిగంట దాకా

బొగ్గు కంపెనీ క్వార్టర్ల కాలనీ నుంచి పెద్ద దవాఖాన దాకా కిలోమీటరు పైచిలుకు రోడ్డు, నడుమ బజారు. నేను చేరిన కొత్తలో ఆ రోడ్డుకు రెండు పక్కలా వేపచెట్లు, వాటి కింద నడిచే మట్టి బాట ఉండేవి. మా అప్పటి పెద్దసారుకు వెడల్పు రోడ్డంటే పిచ్చి. "రోడ్డంటే ఎట్లుండాలె? ఈ కొసకు నిలవడితె ఆ కొస కనవడాలె. నడుమ ఆకు సుత అడ్డం రావద్దు" అనేవాడు. మంచి మనిషే, కానీ జీపు దిగి పది అడుగులు వేయగా నేను ఎన్నడూ చూడలేదు. పిల్లలూ, మీ పై అధికారి నడిచే మనిషా కాదా అన్నది మొదటి వారంలోనే కనిపెట్టండి. నడవని అధికారి చెప్పింది చెయ్యక తప్పదు గానీ, నమ్మకండి.

చెట్లు కొట్టి రోడ్డు వెడల్పు చేయాలంటే అక్కడ నడిచేవాళ్లు ఎంతమందో లెక్క రాయాలి. ఆ పని నా మీద పడింది. మే నెల, రామగుండం ఎండ. పొద్దున పదింటికి గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒంటిగంటకు తల తిరిగి లేచిపోయాను. మూడు రోజులు అదే వరస. అప్పుడొకరు, ఇప్పుడొకరు తప్ప మనుషులు కనిపించలేదు. "ఈ రోడ్డుపై పాదచారులు నామమాత్రం" అని రిపోర్టులో రాశాను. ఆ వాక్యం నా చేతి రాతే, ఇంకెవరి మీదికీ నెట్టను.

బొగ్గు ఊరి గడియారం వేరని నాకు అప్పుడు తెలియదు. ఇక్కడ గనిని బాయి అంటారు. బాయిలోకి మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి దిగుతుంది, పగలు మూడింటికి పైకొస్తుంది. అదే మూడింటికి రెండో షిఫ్టు దిగుతుంది. ఆరున్నరకు, మళ్లీ మూడింటికి ఆ వేపచెట్ల కింద టిఫిన్ డబ్బాలు పట్టుకుని మనిషి మీద మనిషి. నేను కుర్చీ వేసుకున్న మూడు గంటల్లో ఒక షిఫ్టు భూమి లోపల ఉంది, రాత్రి షిఫ్టు చేసొచ్చినవాళ్లు ఇంట్లో పడుకున్నారు. నిద్రపోతున్న ఊరిని లెక్కపెట్టి, ఇక్కడ జనమే లేరని తేల్చిన ఘనుణ్ణి నేను.

చెట్లు పోయాయి. నడిచే బాట రోడ్డులో కలిసిపోయింది. ఆ చెట్లలో ఒకదాని కింద రాజక్క అనే ఆమె కూరగాయలు అమ్మేది. భర్త బాయిలో పని, ఈమెది ఈ గంప. చెట్టు కొట్టిన రోజు నా జీపుకు అడ్డం వచ్చి నిలబడింది.

"సారూ, చెట్టు కొట్టినవ్, సరే. నీడ యాడ వెట్టినవ్?"

"రోడ్డు పెద్దగైతె నీకే గిరాకి పెరుగుతది అక్కా" అన్నాను.

"ఉరికే బండి ఆగి బెండకాయలు కొంటదా? ఏం సదివినవో ఏమో సారూ!"

డ్రైవరును పోనిమ్మన్నాను. ఆ సాయంత్రం పెద్దసారు అందరి ముందు నా వీపు తట్టాడు. వారం రోజులు నేల మీద నడవలేదు నేను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది నా సర్వీసులో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు.

గిరాకి టైములో

తర్వాత మంచిర్యాలలో కొన్నాళ్లు, కాసిపేట వైపు కొన్నాళ్లు తిరిగి, సర్వీసు చివర్లో మళ్లీ గోదావరిఖనికి వచ్చాను. రాజక్క అక్కడే ఉంది. చెట్టు బదులు నెత్తి మీద ఒక పాత ఫ్లెక్సీ గుడ్డ. ఒక పొద్దున టమాటలకని పోతే, బేరం జోరుగా సాగుతున్న వేళ గంప మీద గోనెపట్టా కప్పి లేస్తోంది.

"ఏంది అక్కా, గిరాకి టైముల లేస్తానవ్?"

"మా ఇంటాయనను దవాఖానకు తీస్కపోవాలె సారూ. వారానికి రెండుసార్లు గిదే కత. ఒక్కడు పోలేడు."

ఆమె భర్త కొమురయ్య పక్కనే ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. బాయిలో కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లకు పైగా పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందక దమ్ము ఆగుతుంది. షేర్ ఆటోలో నలుగురి నడుమ ఇరుక్కుంటే ఇంకా ఆయాసం. ఎక్కితే దిగినచోట రోడ్డు దాటాలి, దాటాలంటే భార్య చెయ్యి పట్టుకోవాలి. ఆయనకు అన్నింటికంటే ఆ చెయ్యి పట్టుకోవడమే బాధ.

"బాయిల కప్పును నిలవెట్టిన మనిషిని. రోడ్డు దాటనీకి పెండ్లాం చెయ్యి వట్టుకుంటాన" అన్నాడు నేల చూస్తూ. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు మంథని పంతులువట గద. మంథనోళ్లు లెక్కలల్ల గట్టోళ్లంటరు. గీ రోడ్డుకు లెక్క గట్టినోడు ఎవడో జెర కనుక్కొని చెప్పు పంతులూ. ఒకపారి కండ్లతోని చూడాలె వాన్ని."

రాజక్క గోనెపట్టా సర్దుతూనే అంది. "చూస్తానవ్ గద. గీయననే."

చచ్చిపోవాలనిపించింది. కొమురయ్య మాత్రం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ నవ్వే తిట్టినట్టయింది నాకు.

సుద్దముక్క

వచ్చేసారి కొమురన్నను దవాఖానకు నేనే తీసుకుపోతానన్నాను. "మీకెందుకు సారూ తిప్పలు" అంది రాజక్క. చెడగొట్టింది నేనే కదా అన్నాను. ఎండ ముదరకముందే బయలుదేరాం, ఆటో లేకుండా, నడిచి. నా చేతిలో ఒక సుద్దముక్క. ఆయన దమ్ము ఆగిన ప్రతిచోటా నేల మీద ఒక గుండ్రం చుట్టాలని అనుకున్నాను. అంతకుమించి నా దగ్గర ఏ ప్లానూ లేదు.

మొదటి గుండ్రం కాలనీ మలుపు దాటగానే పడింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. వెనక నుంచి లారీ హారన్. ఇద్దరం మోరీ అంచు మీదికి దుమికాం. నా చెప్పు ఒకటి మురుగులో పడింది. కొమురన్న గసపోస్తూనే కోపంతో ఊగిపోయాడు.

"పంతులూ, బాయిల తొవ్వ ఎట్లుంటదో ఎర్కేనా నీకు? బొగ్గు డబ్బాలు తాళ్లతోని గుంజే తొవ్వ ఉంటది. ఆ తొవ్వెంబడి మనిషి నడిస్తె, కొన్ని గజాలకొకటి గోడల గూడు తొలుస్తరు. మ్యాన్‌హోల్ అంటం దాన్ని. డబ్బాలు వస్తానయంటె దాండ్ల జొరవడి నిలవడాలె. చీకట్ల సుత కనవడాలెనని సున్నం ఏస్తరు. దాండ్ల చెంబు వెట్టినా మా పని చూసే సర్దార్ తోలు తీస్తడు. భూమి కింద, చీకట్ల, మనిషికి గంత జాగ ఇడిసిండ్రు. మీరు మీద, ఎండల, ఏం ఇడిసిండ్రు?"

ఏ కాలేజీలో ఏ ప్రొఫెసరూ నాకు ఆ ప్రశ్న వేయలేదు. నడిరోడ్డు మీద ఒంటి చెప్పుతో నిలబడి నేర్చుకున్నాను ఆ పాఠం.

దవాఖాన చేరేసరికి ఏడు గుండ్రాలు పడ్డాయి. గంట పట్టింది. గేటు దగ్గర గోడకు ఆనుకుని ఆయన నెమ్మదిగా అన్నాడు. "నాకు నడువ చాతనైతది పంతులూ. ఆగుడే చాతనైతలేదు. ఆగే జాగేది?"

మేడం, సేటు

ఆ ఏడే ఆ రోడ్డును కొత్తగా చేయడానికి నిధులొచ్చాయి. తయారుగా ఉన్న ప్లానులో నడుమ డివైడరు, దాని మీద రంగు దీపాలు, రెండు పక్కలా బండ్లు నిలిపే జాగా ఉన్నాయి. నేను ఇంకోటి గీశాను. రోడ్డు వెడల్పు తగ్గించి, రెండు పక్కలా నడిచే బాట, బాట పొడుగునా చెట్లు, కొమురన్న దమ్ము ఆగిన ఏడు చోట్లా బాటకు లోపలివైపు గూడులాంటి జాగా, అందులో ఒక బల్ల. దాటేచోట రోడ్డునే బాట ఎత్తుకు లేపి, బండి నెమ్మదించక తప్పకుండా చేశాను.

అప్పుడు మా ఆఫీసుకు పై అధికారిగా వచ్చిన మేడం వయసులో నా బిడ్డంత. సూటి మనిషి. నా కాగితం తిప్పి తిప్పి చూసింది.

"ఒక్క మనిషి ఊపిరిని బట్టి ఊరికి రోడ్డు వేస్తామా అండీ?"

"ఆ ఒక్క మనిషి నడవగలిగితే నిండు చూలాలు నడుస్తుంది, ఏడేళ్ల పిల్ల నడుస్తుంది, కాలు విరిగినవాడు నడుస్తాడు మేడం. గట్టిగా నడిచేవాళ్లను చూసుకుని గీస్తే గట్టివాళ్లే మిగులుతారు" అన్నాను. ఆ ఊపులో, ఎన్నో ఏళ్ల కింద నేను పదింటి నుంచి ఒంటిగంట దాకా లెక్కపెట్టిన సంగతి కూడా చెప్పేశాను. ఆమె పెన్ను కింద పెట్టి నవ్వింది. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని భయపడతారు గానీ, నా అనుభవంలో పని జరిగింది ఆ రోజునే.

నెల రోజులు గడువిచ్చింది. రోడ్డుకు ఒక పక్క డ్రమ్ములు, తాళ్లు పెట్టి, గూళ్లలో బల్లలు వేసి బాట చేసి చూపాలి. నెల తర్వాత బజారువాళ్లు వద్దంటే పార్కింగే. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. ఇది తప్పితే ఇంకో రోడ్డు లేదు నాకు, కొమురన్నకు కూడా. బతికినన్నాళ్లు రాజక్క చెయ్యి పట్టుకునే దాటాలి ఆయన.

బజారు సంఘానికి పెద్ద, బట్టల దుకాణం వెంకటేశం సేటు. మొదటి మీటింగులోనే లేచాడు. "బండి పెట్టే జాగ లేకుంటే గిరాకి మంచిర్యాలకు పోతది సార్. మా పొట్ట కొట్టకుండ్రి!" ఆయన భయం అబద్ధం కాదు. దుకాణదారును దొంగలా చూసే ఇంజనీర్లు ఉన్నారు, మీరు అట్లా చేయకండి. పొద్దస్తమానం ఆ రోడ్డు మీద బతికేది ఆయనే.

మొదటి వారం పరువు పోయింది. తాళ్ల లోపలే మోటారుసైకిళ్లు నిలిపారు. బజారు కొసన బల్ల వేసిన గూట్లో సేటు దుకాణం బొమ్మలు చీరలు కట్టుకుని నిలబడ్డాయి. నేను బోర్డులు పెట్టాను, మైకులో చెప్పించాను, అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మేడం ఒక రోజు అటు పోతూ కారు ఆపి చూసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పోయి చూస్తే కొమురన్న, ఆయనతోపాటు బాయిలో పనిచేసిన ముగ్గురు ముసలివాళ్లు, ఒక సున్నం బకెట్టు. దమ్ము తీసుకుంటూ, వంతులు వేసుకుంటూ గూళ్లన్నింటికీ సున్నం కొడుతున్నారు. కొట్టినచోటల్లా చుట్టూ తెల్లటి గీత. ఒక మోటారుసైకిలు కుర్రాడు బండి లోపలికి తోస్తుంటే కొమురన్న బ్రష్షు అడ్డం పెట్టాడు.

"మీ నాయిన ఏ బాయి బిడ్డా?"

ఆ అబ్బాయి బాయి పేరు చెప్పాడు.

"మ్యాన్‌హోల్ల బండి వెట్టిన్నని ఇంటికిపోయి మీ నాయినకు చెప్పు. ఏమంటడో రేపు నాకు చెప్పు."

బండి వెనక్కి పోయింది. ఆ ఊళ్లో ఇంటికొకరు బాయి మనిషి. ఆ తెల్ల గీత అర్థం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నా బోర్డులకు కదలని బండ్లు సున్నం గీతకు కదిలాయి. సేటు బొమ్మలు కూడా సాయంత్రానికి దుకాణం లోపలికి నడిచాయి. ఇదీ సంగతి, పిల్లలూ. జనానికి రూల్సు తెలియక కాదు, మన రూల్సు వాళ్లవి కాక. వాళ్ల దగ్గర ముందే ఉన్నది ఏమిటో వెతుక్కోవాలి.

ఈసారి లెక్క ఆరింటికి మొదలుపెట్టాను. నేనే కూర్చున్నాను, కుర్చీ నీడలో వేసుకుని. మూడింటికి షిఫ్టు మారగానే జనం విరగబడ్డారు. రోడ్డు మీద కాదు, బాట మీద. బండి ఇంట్లో పెట్టి నడిచొచ్చినవాళ్లను నేనే పేరు పెట్టి పిలిచి పలకరించాను. గీతలు గీసి గీసి పెన్సిలు మొన విరిగింది. ఇంకో పెన్సిలు అడగలేదు. లెక్క తప్పినా ఫర్వాలేదని మొదటిసారి అనుకున్నాను, కేక వేయాలనిపించేంత సంతోషం.

గడువు ముగిసే ముందు సేటు మా ఆఫీసుకు వచ్చాడు. పార్కింగు అడగడానికే అనుకుని గుండె రాయి చేసుకున్నాను.

"సార్, ఇది అన్యాయం."

"ఏమైంది సేటూ?"

"మందుల దుకాణం ముంగట బల్ల ఉన్నది. బేకరి ముంగట ఉన్నది. ఆడోళ్లు కూసుంటానరు, లేస్తానరు, దుకాణంలకు పోతానరు. నా ముంగట ఒకటి లేదు, ఆ కొసకు ఒకటున్నది. నేనేం పాపం చేసిన?"

"నాదేం లేదు సేటూ. కొమురన్న దమ్ము నీ దుకాణం ముంగట ఆగలే."

సేటు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అయితే ఒకపారి ఆగుమని చెప్పరాదు సార్!"

ఆఫీసంతా నవ్వింది. ఆయనకూ ఒక బల్ల వేశాం. ఎనిమిదో బల్ల అట్లా వచ్చింది, దాని మీద అందరికంటే ఎక్కువగా సేటే కూర్చుంటాడు.

మేడం నా ప్లానుకే సంతకం పెట్టింది. ఒక్క పోరాటం మాత్రం మిగిలింది. కాంట్రాక్టరు అందానికని తాటిచెట్టులా ఎత్తుగా, నీడ లేకుండా పెరిగే విదేశీ మొక్కలు తెచ్చాడు. వాటిని లారీ నుంచి దింపనివ్వలేదు. వేప, కానుగ తప్ప ఇంకోటి నాటితే సంతకం పెట్టనన్నాను. ఊరికి ఏం పెట్టుబడి పెట్టాలో అడిగితే నేను చెప్పేది ఇదే: నీడ పెట్టండి, కూర్చునే జాగా పెట్టండి, దాటేచోట బండిని ఆపండి. దీపాలు తర్వాత.

రిబ్బన్

రోడ్డు పూర్తయింది. కానుగలు ఇంకా భుజం ఎత్తే ఉన్నాయి కాబట్టి, అవి ఎదిగేదాకా బాట మీద పందిరి గుడ్డలు కట్టించాం. కాలనీ కొసన రిబ్బన్ కట్టారు. పెద్దమనుషులు రావాలి, కోయాలి. తొమ్మిదింటికన్నారు. పదయింది. మేళం వాళ్లు వాయించి వాయించి అలసిపోయారు. జనం రిబ్బన్ ఇవతల కిక్కిరిసి నిలబడ్డారు.

జనాన్ని తోసుకుంటూ కొమురన్న ముందుకొచ్చాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో దవాఖాన పుస్తకం. రిబ్బన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"పంతులూ, గిది ఎప్పుడు కోస్తరు?"

"పెద్దోళ్లు వస్తానరట అన్నా. జెర ఆగు."

"డాక్టరు పోతడు. నాకు టైమైతాంది. మీరు కోసుకుంట ఉండుండ్రి."

నడుం వంచి రిబ్బన్ కిందినుంచి దూరి అవతల లేచి నిలబడ్డాడు. ఎవరో "ఏయ్!" అన్నారు. మేడం చెయ్యెత్తి వాళ్లను ఆపింది. ఆమె నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆయన వెనక ఒక బాలింత దూరింది, ఆమె వెనక బడిపిల్లలు, తర్వాత రిబ్బన్ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

నేను దూరంగా వెంట నడిచాను. మొదటి బల్ల మీద కూర్చున్నాడు, దమ్ము తీసుకున్నాడు, లేచాడు. రెండోది కూడా అంతే. మూడోచోట కూర్చోలేదు, బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడి ముందుకు పోయాడు. దాటేచోట అటు నుంచి లారీ వస్తోంది. లారీ నెమ్మదించింది, ఆగింది. కొమురన్న అటూ ఇటూ చూసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తొందరేమీ లేకుండా దాటాడు. దవాఖాన గేటు లోపలికి పోయాడు.

పరుగున బజారుకు వచ్చాను. అరవై దాటినవాణ్ణి, జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. పందిరి గుడ్డ కింద రాజక్క చుట్టూ గిరాకి, బాట మీద ఎవరు పోతున్నారో కనబడనంతగా. చేతిలో కాంటా, అందులో వంకాయలు.

"అక్కా! కొమురన్న దవాఖానకు పోయిండు! ఒక్కడే! దాటిండు, నేను చూసిన!"

"ఎవలు? మా ఇంటాయనా?" కాంటా అట్లాగే గాలిలో ఆగిపోయింది. "ఇంట్ల పండుకున్నడనుకున్న గదా సారూ. నాకు తెల్వనే తెల్వది."

దవాఖాన వైపు ఒకసారి తొంగి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. గోనెపట్టా కోసం చెయ్యి చాచబోయి, ఆగి, కాంటా సరిచేసి ఎదురుగా ఉన్నామెను అడిగింది.

"ఆఁ, చెప్పు బిడ్డా. ఇంకేం కావాలె?"